అనుమతి లేని పెరుగు

కొన్నాళ్లపాటు మా ఇంట్లో పాలు తోడుకోవడం మానేశాయి. అందులో పాల తప్పు లేదు. వాతావరణం తప్పు అసలే లేదు, గుంటూరు ఎండల్లో పాలని కాసేపు వదిలేస్తే చాలు, వాటంతటవే ఏదో ఒకటి అయిపోతాయి. తప్పంతా ఒక నియమావళిది. ఆ నియమావళి రాసినవాణ్ణి నేను. అందుచేత ఎవరినైనా తిట్టాలని మా ఆవిడకి అనిపిస్తే గడప దాటి వెళ్లే శ్రమ లేకపోయింది.

నా పేరు చిదంబరం. గుంటూరు పొలిమేరలో, మిర్చి కోల్డు స్టోరేజీలు దాటాక, ‘సహజ ఔషధ ఉత్పత్తుల సంస్థ’ అని పెద్ద బోర్డు ఒకటుంది. దాని వెనకాల సంస్థ కూడా ఉంది. చెట్ల సారాల్లోంచీ, కడుపుకి మేలు చేసే సూక్ష్మజీవుల్లోంచీ మందులు తయారు చెయ్యడం మా పని. నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను, నిబంధనల అధికారిని. సూక్ష్మజీవి అంటే ఏమిటో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలీదు. దాన్ని ఎవరెవరు ముట్టుకోకూడదో రాయమంటే మాత్రం ఎన్ని పేజీలైనా రాస్తాను.

మా మందుల సంగతి అడక్కండి. తులసి బిళ్లలు చేశాం, ఎవరూ కొనలేదు. ఉచితంగా పంచాం, కొన్ని పోస్టులో తిరిగొచ్చాయి. కరివేపాకు సారంతో జుట్టు పెరిగే తైలం చేశాం. ముందు సంస్థవాళ్లే వాడి చూపించాలంటూ డైరెక్టర్ డాక్టర్ భుజంగరావుగారు తానే ముందుకొచ్చారు. అంతకుముందు ఆయనకి కాస్త జుట్టుండేది. ఆయన మెప్పు కోసం నేనూ రాసుకున్నాను. ఆ తరవాత మా ఇద్దరికీ టోపీ అలవాటైంది.

ఇలా ఉండగా భుజంగరావుగారు ఎక్కడో కొండల మీద జరిగిన సదస్సుకి వెళ్లి కొత్త ఉత్సాహంతో తిరిగొచ్చారు. వచ్చీ రాగానే అందర్నీ హాల్లో సమావేశపరిచారు.

“మిత్రులారా! గడిచిన శతాబ్దం గుండెది. ఈ శతాబ్దం పేగుది,” అన్నారు. “మన ఇళ్లలోని పెరుగునందు నిద్రాణమై ఉన్న సూక్ష్మజీవ సంపదను గుర్తించి, సేకరించి, సంరక్షించి, తద్వారా ఔషధ రూపంలో ప్రజానీకానికి అంకితం చేయవలసిన చారిత్రక బాధ్యత మన భుజస్కంధాలపై ఉన్నది.”

మూలికల విభాగం పెద్ద డాక్టర్ శేషఫణి లేచి నిలబడ్డాడు. “మరి మా మూలికల మాటేమిటి సార్?”

“మూలికలు ఎక్కడికీ పోవు శేషఫణిగారూ. వాటికి వేళ్లున్నాయి.”

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. ప్రతి ఉద్యోగీ తన ఇంటి పెరుగు ఒక గిన్నెడు తెచ్చి సూక్ష్మజీవుల విభాగంలో అప్పగించాలి. ఎవరింటి పెరుగులో మేలైన జాతి దొరుకుతుందో ఆ పెరుగు సంస్థ తోడు అవుతుంది. దాంతో బిళ్లలు చేస్తారు, దేశం కడుపు బాగుపడుతుంది.

ఇక్కడ మా ఇంటి పెరుగు గురించి చెప్పాలి. హైమవతి పెళ్లై నా దగ్గరికి వచ్చేటప్పుడు బాపట్ల నుంచి మూత గిన్నెలో తోడు తెచ్చుకుంది. రైల్లో ఆ గిన్నెని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నా చెయ్యి తగిలి ఒలుకుతుందేమోనని నన్ను ఎదురు సీట్లోకి వెళ్లమంది. కొత్త పెళ్లికొడుకుని, వెళ్లి కూర్చున్నాను. ఆ తరవాత మా అత్తగారు పోయారు. ఆవిడ పెరుగు మాత్రం మా వంటింట్లో చిన్న మట్టి గురిగిలో రోజూ తోడుకుంటూనే వచ్చింది. ఒక్కరోజు కూడా తప్పకుండా ఈనాటి పెరుగులోంచి రేపటికి ఇంత తీసి ఉంచేది హైమ. పెరుగు గట్టిగా కుదిరిన రోజు గురిగిని కాస్త వంచి చూసి, “ఇవాళ అమ్మ చెయ్యి పడింది,” అనేది. నాకు కడుపులో మంట. పొద్దున్న ఫైళ్లు చూస్తే మొదలై రాత్రి పెరుగన్నం తింటే గాని చల్లారదు. మా సంస్థ క్వార్టర్స్ లో ఆడవాళ్లందరూ మధ్యాహ్నం పూట గిన్నెలతో మా ఇంటికే వచ్చేవారు. హైమ ఎవరికీ లేదనేది కాదు. దీపాలు పెట్టాక మాత్రం ఎవరొచ్చినా ఇచ్చేది కాదు. అలా ఇవ్వకూడదట.

ఆ పెరుగుని నేను ఆఫీసుకి మోసుకెళ్లాను.

పరీక్షల్లో మా పెరుగే మొదట నిలిచింది. విభాగం అధిపతి డాక్టర్ నీలవేణి ఎన్నో సీసాల్లో దాన్ని హింసించి చూసిందట. ఆమ్లంలో వేస్తే బతికింది, పైత్యంలో వేస్తే బతికింది. సర్వీసంతటిలో నా వల్ల ఏదైనా మొదటి స్థానం సంపాదించడం అదే మొదటిసారి. నాకు శాలువా కప్పారు. కప్పుకునే ఇంటికొచ్చాను.

“పాలు కాచింది నేను, తోడేసింది నేను. శాలువా మీకెందుకు కప్పారు?” అంది హైమ.

“ఆఫీసుదాకా మోసింది నేను గదా!”

ఆవిడ శాలువా మడతపెట్టి బీరువాలో పడేసింది.

తరవాతి వారం డైరెక్టర్ గారు నన్ను పిలిచారు. “చిదంబరంగారూ, ఇంతటి సంపద మన చేతికి చిక్కింది. రేపు ఏ విదేశీ కంపెనీయో ఒక చెంచాడు పట్టుకుపోతే? పకడ్బందీగా ఒక నియమావళి రూపొందించండి. చీమ దూరడానికి సందు ఉండకూడదు.”

చీమ దూరే సందు లేకుండా రాయడంలో నన్ను మించినవాడు జిల్లాలో లేడని నాకో నమ్మకం. కలం కాగితం మీద పెట్టాక ఒళ్లు తెలియలేదు. అందులో నాకు బాగా నచ్చిన వాక్యం ఇది: ‘సంస్థ తోడుతో తోడుకున్న పెరుగు, ఆ పెరుగుతో తోడుకున్న పెరుగు, ఆ విధముగా పరంపరగా తోడుకొనబోవు సమస్త పెరుగు, ఎచ్చట ఏ పాత్రయందు ఉన్నను, సంస్థ ఆస్తిగా పరిగణింపబడును.’ కిందికి రాసి పైకి రాయకపోతే వాక్యం వెలితిగా కనిపించింది. అందుకని, సంస్థ తోడుకి మూలమైన పూర్వపు పెరుగులన్నీ కూడా సంస్థవేనని చేర్చాను. సంస్థ తోడును ముట్టుకునేటప్పుడు డైరెక్టరు, సూక్ష్మజీవుల విభాగాధిపతి, నిబంధనల అధికారి ముగ్గురూ ఒకేసారి హాజరై ఉండాలని రాశాను. చివర్లో ఇంకా జాగా మిగిలింది. హైమ మాట గుర్తొచ్చి, దీపాలు వెలిగించిన అనంతరం తోడు చేతులు మారరాదని ఒక నిబంధన పెట్టాను.

డైరెక్టర్ గారు రెండుసార్లు చదివారు. “పరంపరగా! ఆహా, ఈ ఒక్క మాటతో ప్రపంచాన్ని కట్టేశారయ్యా!”

ఆ పొగడ్తకి పొంగిపోయి ఇంటికొచ్చాను. ఆ రాత్రి పెరుగన్నం మరో ముద్ద ఎక్కువే తిన్నాను. నేను తింటున్నది సంస్థ ఆస్తి అని నాకే తట్టలేదు.

డైరెక్టర్ గారికి తట్టింది. పరంపర ఎక్కడెక్కడికి పాకిందో తెలుసుకోవాలని గోడంత కాగితం మీద వంశవృక్షం గీయించారు. పైన మా గురిగి. దాని కింద క్వార్టర్స్ లోని ఇళ్లన్నీ. వాటి కింద వాళ్ల బంధువుల ఇళ్లు, తెనాలి, చీరాల, బెజవాడ. ఒక కొమ్మ ఒంగోలు దాటి కాగితం అంచులోంచి బయటికి పోయింది. మా డైరెక్టర్ గారి ఇల్లు కూడా ఒక కొమ్మ చివర వేలాడుతూ కనిపించింది. ఆయన ఆదర్శంగా ఉండాలని అందరికంటే ముందు తన ఇంటి పెరుగు గిన్నెని తెచ్చి, ఫోటో దిగి, సంస్థకి సమర్పించారు. ఫోటోలో ఆయన శ్రీమతి లేరు. ఆ రోజు నుంచి ఆవిడ ఆయనతో మాట్లాడటం లేదని డ్రైవర్ కాశిం చెప్పాడు.

తరవాత తనిఖీ సంఘం బయల్దేరింది. క్వార్టర్స్ లో ఒక్కో ఇంటికీ వెళ్లడం, గిన్నె కడిగించడం, ఇకమీదట పెరుగు లేదని సంతకం పెట్టించుకోవడం. సంఘానికి సభ్య కార్యదర్శిని నేను. అందరి ఇళ్లూ అయ్యాక మిగిలింది మా ఇల్లు. మా ఇంటి తలుపు నేనే కొట్టి, పక్కకి తప్పుకుని నిలబడ్డాను.

హైమ తలుపు తీసి నన్నూ, నా వెనక డైరెక్టర్ గారినీ, ఆయన వెనక నీలవేణినీ చూసింది. “కాఫీకా?” అంది.

నేను గొంతు సవరించుకుని ఉత్తర్వు చదివాను. పరంపర దగ్గర గొంతు కాస్త తగ్గింది.

“అంటే? మా అమ్మ పెరుగు మీ ఆఫీసుదా?” అంది హైమ.

“అమ్మా,” అన్నారు భుజంగరావుగారు, “మాతృమూర్తుల పట్ల సంస్థకు అపారమైన గౌరవం ఉన్నది. ఆ గౌరవంతోనే స్వాధీనం చేసుకుంటున్నాం.”

“తీసుకుపోతే నేను ఊరుకోను. ఆ గురిగి మా వంటింట్లోంచి కదలడానికి వీల్లేదు.”

చివరికి నేనే ఒక మార్గం సూచించాను. గురిగి ఉన్నచోటే ఉంటుంది, మా వంటిల్లే ‘మూల నమూనా సంరక్షణ కేంద్రం’ అవుతుంది, కాకపోతే గురిగికి గుడ్డ కట్టి లక్క ముద్ర వెయ్యాలి. నా సమయస్ఫూర్తిని డైరెక్టర్ గారు మెచ్చుకున్నారు. లక్క కరిగించడానికి కొవ్వొత్తి పట్టుకున్నది కూడా నేనే.

“ముద్రేస్తే ఎట్లాగండీ? రోజూ కొత్త పాలు పడకపోతే చచ్చిపోద్ది అది!” అంది హైమ.

“మీ అభ్యంతరాన్ని ఉపసంఘానికి నివేదిస్తాం,” అన్నారు డైరెక్టర్ గారు.

ఉపసంఘంలోనూ నేనే ఉన్నాను. సమావేశమయ్యాం. పాలు పోయాలన్న సూత్రంతో అందరం ఏకీభవించాం. అయితే ఆవు పాలా, గేదె పాలా అన్నది తేలలేదు. సమావేశం వాయిదా పడింది. మళ్లీ కలిశాం. గేదె పాలే అని తేలింది, కాని కాచినవా, కాచి చల్లార్చినవా అన్న కొత్త ప్రశ్న వచ్చింది. అన్నీ తేలి, ముద్ర విప్పేటప్పటికి గురిగిలో పచ్చగా, నల్లగా బూజు నిలబడి ఉంది. వాసనకి నీలవేణి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

హైమ కొంగు దోపుకుంది. గురిగి పెరట్లోకి తీసుకెళ్లింది. చింతపండు వేసి తోమింది. మళ్లీ తోమింది. కడిగి గట్టు మీద బోర్లించి లోపలికి వెళ్లిపోయింది. తిడుతుందేమోనని నేను చాలాసేపు వంటింటి గుమ్మంలోనే నిలబడ్డాను. తిడితే బాగుండునని అప్పుడు నిజంగా అనిపించింది. ఆవిడ అమ్మ రెండోసారి పోయింది, ఈసారి నా చేతిలో కొవ్వొత్తి ఉంది.

తన తోడే తనకి తిరిగి దొరుకుతుందేమోనని ఆవిడ గిన్నె పట్టుకుని క్వార్టర్స్ అంతా తిరిగింది. అంతకాలం ఎవరికీ లేదనని మనిషికి ఆ రోజు అందరూ లేదన్నారు. కాశిం భార్య మస్తాన్ బీ అయితే హైమని రోజూ అక్కా అని పిలిచే మనిషి, ఆవిడ కూడా తల దించుకుని, “అంతా అప్పగించేశాం అక్కా,” అందట.

“నాకు లేదనలేదండీ వాళ్లు,” అంది హైమ ఇంటికొచ్చి. “నా వెనకాల మీరుంటారని లేదన్నారు.”

ఆ రోజునుంచి మా ఇంట్లో ప్యాకెట్ పెరుగు. నా కడుపు మంట పగలూ రాత్రీ ఒకటే అయింది. ఆ మంట వల్లనే తరవాతి ఉపద్రవం కూడా వచ్చిపడింది.

సంస్థలో ఉన్న తోడుకి పాలు పోయాలంటే ముగ్గురం హాజరుండాలి గదా. మొదట నీలవేణి చెల్లెలి పెళ్లికని వెళ్లింది. ఆవిడ వచ్చేలోపు డైరెక్టర్ గారు పెరుగు ప్రాముఖ్యం గురించి ఉపన్యాసాలివ్వడానికి ఊళ్లు తిరిగారు. ఆయన వచ్చాక నేను కడుపు పట్టుకుని సెలవు పెట్టాను. నేను తేరుకుని ఆఫీసుకి వెళ్లేసరికి సంస్థ తోడు కూడా మా గురిగి దారే పట్టింది. అప్పటికి రాజధాని నుంచి ప్రభుత్వ కార్యదర్శిగారు పెరుగుని జాతికి అంకితం చెయ్యడానికి రావలసిన తేదీ ముంచుకొచ్చింది.

డైరెక్టర్ గారు టోపీ తీసి బల్ల మీద పెట్టారు. “వంశవృక్షం తియ్యండి! ఎక్కడో ఒక కొమ్మన మిగిలే ఉంటుంది.”

క్వార్టర్స్ లో మైకు కట్టిన ఆటో తిప్పాం. అనుమతి లేని పెరుగు కలిగి ఉన్నవారు స్వచ్ఛందంగా అప్పగించినచో ఎట్టి చర్యా ఉండదని చదివించాం. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

“ఒక్కరైనా నిబంధన ఉల్లంఘించలేదా?” అన్నారు డైరెక్టర్ గారు. “ఏం మనుషులయ్యా వీళ్లు! ఇంత క్రమశిక్షణా?”

అప్పుడు శేషఫణి గదిలోకి వచ్చాడు. పెరుగు గొడవ మొదలైనప్పటినుంచీ అతన్ని ఎవరూ పలకరించలేదు. ముఖంలో వెలుగు చూస్తే ఆ లోటు ఇప్పుడు తీరబోతోందని అర్థమైంది.

“సార్, గోరువెచ్చని పాలలో ఎండుమిరపకాయ తొడిమలు పడేస్తే తోడుకుంటాయి. మొదట జారుగా వస్తుంది. దాన్నే మళ్లీ పాలలో వేస్తే గట్టిపడుతుంది. హాస్టల్లో మేం అట్లాగే చేసుకునేవాళ్లం.”

“ఇది శాస్త్రీయమేనా?”

“గుంటూరులో కూర్చుని మిరపకాయని అనుమానిస్తున్నారా సార్?” అన్నాడు శేషఫణి. “కాకపోతే ఒక్క మాట. తొడిమ చెట్టుది. కనుక దాన్నుంచి వచ్చే పెరుగు మూలికల విభాగానిది.”

“తొడిమ మీద కూర్చున్న సూక్ష్మజీవి నాది,” అంది నీలవేణి.

“అది కూర్చున్న కుర్చీ నాది!”

ఇద్దరూ డైరెక్టర్ గారి వైపు చూశారు. ఆయన నా వైపు చూశారు. నేను కాగితం అందుకున్నాను. తొడిమలు పాలలో పడేదాకా మూలికల విభాగానివి, పాలలోంచి తీశాక మిగిలింది సూక్ష్మజీవుల విభాగానిది, తీస్తున్నంతసేపూ ఉమ్మడి పర్యవేక్షణ అని తీర్పు రాశాను. ఆ ప్రకారమే ఇద్దరు డాక్టర్లు ఒకే గరిటెని చెరోవైపు పట్టుకుని తొడిమలు ఏరారు. డైరెక్టర్ గారు ఫోటో తీయించారు.

పెరుగు కుదిరింది. బాగానే కుదిరింది. సభ రోజు చిన్న మట్టి ముంతల్లో పోసి వేదిక మీద వరసగా పెట్టారు. వెనక బట్ట మీద మా గురిగి బొమ్మ వేయించి, ‘తరతరాల తల్లి పెరుగు’ అని రాయించారు. మూలపుటింటి ఆడపడుచు అంటూ హైమని వేదిక మీద కూర్చోబెట్టారు. రానంటే నేనే బతిమాలి తీసుకెళ్లాను. ఈ బుద్ధి ఎందుకు పుట్టిందో నాకు తెలీదు.

కార్యదర్శిగారు ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. “ఇది... ఇది మా నాయనమ్మ చేతి పెరుగు! ఎన్నాళ్లుగా కాపాడుకొస్తున్నారు ఈ తోడుని?”

“తరతరాలుగా సార్,” అన్నారు డైరెక్టర్ గారు.

మొన్నటి నుంచి సార్ అన్న మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అసలే మండుతున్న కడుపులోకి అదీ వెళ్లి చేరింది.

హైమకీ ఒక ముంత ఇచ్చారు. జనం చప్పట్లు కొడుతున్నారు. ఆవిడ కొంచెం నోట్లో వేసుకుంది. ముంతని మెల్లిగా బల్ల మీద పెట్టి, వేదిక దిగి, ఇంటిదారి పట్టింది. నేను వెనకాలే పరిగెత్తాను.

“బాగోలేదా?” అన్నాను.

“బాగుంది. మా అమ్మది కాదు.”

“మిరప తొడిమలతో మనింట్లోనూ వేసుకోవచ్చట...”

“ఆ విద్య నాకు తెలీదనుకున్నారా?” అని ఆగి నా ముఖంలోకి చూసింది. “దాంతో పెరుగవుద్ది. అమ్మది అవదు. నా పెళ్లినాటి నుంచి రోజూ పొద్దున్నే ఆవిడ్ని చూసుకుంటున్నట్టుండేది. దాన్ని మీరు లక్క పెట్టి మూసేశారు.”



మర్నాడు డైరెక్టర్ గారు గాల్లో తేలుతున్నారు. కిటికీ దగ్గర నిలబడి రోడ్డు చూపించారు. మిర్చి బస్తాలతో లారీలు బారులు తీరి పోతున్నాయి. “చూశారా? మన తోడుకి మూలం ఇప్పుడు తొడిమ. నిన్న గురిగికి ఏ రక్షణ కల్పించామో అదే రక్షణ ఇవాళ ఆ తొడిమలకి కావాలి. గేటు దగ్గర చెక్ పోస్టు పెడదాం. ప్రతి కాయనీ తొడిమ తుంచి అప్పగించాకే కదలనివ్వాలి. సాయంత్రానికి ముసాయిదా నా బల్ల మీద ఉండాలి. పరంపర మర్చిపోకండి!”

నా గదిలో కూర్చుని రాయడం మొదలెట్టాను. చెయ్యి అలవాటు కొద్దీ పరుగెత్తింది. ‘ఎచ్చట ఏ బస్తాయందు ఉన్నను’ దాకా వచ్చి ఆగాను. కడుపులోంచి ఛాతీ దాకా ఒకటే మంట. బోర్లించిన గురిగి కళ్ల ముందుకొచ్చింది. నా మీద నాకు పుట్టిన కోపం ఇంతా అంతా కాదు. కాగితం చించి బుట్టలో వేశాను. ఇంటికెళ్లి, హైమ చూడకుండా ఒక స్టీలు గిన్నె తీసుకుని క్వార్టర్స్ లోకి బయల్దేరాను.

పెళ్లైనప్పటినుంచీ మా ఇంటికి తోడు అడగడానికి వచ్చేవాళ్లనే చూశాను గాని, నేను అడగడానికి వెళ్లడం అదే మొదలు. నన్ను చూసి మొదటింటివాళ్లు తలుపు వేసుకున్నారు. రెండో ఇంటావిడ, నేను నోరు విప్పకముందే, కడిగిన గిన్నె తెచ్చి చూపించింది. ఆ తరవాత కాశిం ఇంటికి వెళ్లాను. వరండాలో కూర్చున్న కాశిం నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. మీసం మీద తెల్లగా పెరుగు మరక. తుడుచుకున్నాడు. మరక పోయింది, వాసన ఉండిపోయింది.

మస్తాన్ బీ బయటికొచ్చింది. “పెరుగా? మా ఇంట్లో ఎక్కడిది సార్? మీరే గదా వచ్చి గిన్నె కడిగించి సంతకం పెట్టించుకుంది!”

“నేను ఆఫీసు తరఫున రాలేదమ్మా.”

“మరెవరి తరఫున వచ్చారు?”

“హైమ తరఫున. నా తరఫున కూడా. ఇంట్లో పెరుగు లేదు. తప్పు నాది.”

ఆవిడ నా చేతిలో గిన్నెని చూసింది. “అక్కకి లేదని చెప్పినరోజు నాకు అన్నం దిగలేదు సార్. ఇవ్వనా వద్దా అని ఎంత కొట్టుకున్నానో! ఇస్తే తెల్లారి మీరే వచ్చి ఈయన ఉద్యోగం పీకిస్తారని భయం.”

“పీకించను.”

“మాటలు ఎవరైనా చెబుతారు. కూర్చోండి ఇక్కడ.” వరండా మెట్టు చూపించింది. “అందరూ చూస్తుండగా తినండి. మా తప్పు మీకూ అంటితే అప్పుడు నమ్ముతాం.”

మెట్టు మీద కూర్చున్నాను. లోపలినుంచి ఆవిడ ఒక గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. చెంచా ఇవ్వలేదు. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. పక్కింటివాళ్లు గేటు దాకా వచ్చారు. నేను వేళ్లతో తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. అదే. కాస్త తియ్యగా, చివర్లో సన్నటి పులుపు. బాపట్ల రైల్లో ఒళ్లో కూర్చుని వచ్చిన పెరుగు. కడుపులో మంట ఒక మెట్టు దిగింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. చెయ్యి పెరుగులో ఉంది.

“ఇంకొంచెం వెయ్యమ్మా,” అన్నాను.

ఆ మాటతో ఎవరో నవ్వారు. ఆ తరవాత ఒక్కొక్క ఇంట్లోంచీ ఒక్కో గిన్నె బయటపడింది. బియ్యం డబ్బాలో దాచినవాళ్లున్నారు, కూలర్ వెనకాల దాచినవాళ్లున్నారు, ఒకావిడ దేవుడి పటాల వెనక పెట్టింది. మా సంఘం మొత్తం క్వార్టర్స్ ని గాలించి, ఒక్క మా ఇంట్లో తప్ప ఎక్కడా పెరుగుని నిర్మూలించలేకపోయింది. నేను రాసిన నియమావళిని పాటించిన ఇల్లు మా ఇల్లొక్కటే.

మస్తాన్ బీ నా గిన్నెలో తోడు పోసి, “చీకటి పడకముందే తీసుకెళ్లండి. అక్క దీపం పెట్టేస్తే మళ్లీ పుచ్చుకోదు,” అంది.

ఎవరికీ దాచకుండా, గిన్నె మీద మూత కూడా లేకుండా, రోడ్డు మధ్యనుంచి నడిచి వెళ్లాను. హైమ గిన్నె అందుకుని వాసన చూసింది. ఎక్కడిదని అడగలేదు. పెరట్లోకి వెళ్లి గురిగిని తెచ్చింది. పాలు కాచి, చల్లార్చి, చిటికెన వేలు ముంచి చూసి, తోడు వేసింది. మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి వంటింట్లో గురిగిని వంచి పట్టుకుని నిలబడి ఉంది. పెరుగు కదల్లేదు.

“తోడుకుంది,” అంది. అని అటు తిరిగిపోయి చాలాసేపు నాకు ముఖం చూపించలేదు.

ఆ రోజు కూడా నేను ముసాయిదా ఇవ్వలేదు. ఎందుకని డైరెక్టర్ గారు కబురూ చెయ్యలేదు. ఆ సాయంత్రం దీపాలు పెట్టాక మా తలుపు ఎవరో కొట్టారు. తీస్తే ఆయనే. చంకలో ఫైలు, ఫైలు కింద ఏదో ఉబ్బెత్తుగా ఉంది.

“చిదంబరంగారూ, నేను అధికారికంగా రాలేదు,” అన్నారు మెల్లిగా. ఫైలు కిందినుంచి ఒక వెండి గిన్నె తీశారు. “నా ఇంట్లో నాకు ప్యాకెట్ పెరుగు కూడా పెట్టడం లేదయ్యా. తోడు తెస్తే గాని మాట్లాడనంటోంది మా ఆవిడ. నిన్న మీరు వరండాలో కూర్చుని... ఏదో విన్నాను.”

హైమ వంటింట్లోంచి వచ్చింది. “దీపాలు పెట్టేశాం గదండీ.”

“ఆ నిబంధనను ప్రత్యేక పరిస్థితుల దృష్ట్యా సడలించే విషయం సానుభూతితో పరిశీలించి...”

“మీ నిబంధన కాదండీ. అది మాది.”

ఆయన గిన్నెతో అలాగే నిలబడిపోయారు. ఆ టోపీ, ఆ గిన్నె చూస్తే నాకు జాలేసింది. నిన్న నేనెలా కనిపించి ఉంటానో అప్పుడు తెలిసింది. హైమకీ జాలేసినట్టుంది.

“తోడు రేపు మధ్యాహ్నం మీ ఆవిడని పంపండి, ఇస్తాను,” అంది. “మీరు ముందు ఆ వరండాలో కూర్చుని తినండి. అందరూ చూడాలి.”

భుజంగరావుగారు టోపీ తీసి పక్కన పెట్టి కూర్చున్నారు. హైమ అన్నం కలిపి తెచ్చింది. వీధిలో లైట్లు వెలిగాయి, ఇళ్లలోంచి జనం ఒక్కొక్కరే బయటికొచ్చారు. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేసరికి మా గేటు చప్పుడైంది. డాక్టర్ నీలవేణి, కొంగు కింద గిన్నెతో. మమ్మల్ని చూసి వెనక్కి తిరగబోయింది. మస్తాన్ బీ గేటుకి అడ్డంగా నిలబడి లోపలికే చెయ్యి చూపించింది.

నేనూ ఒక పళ్లెం తెచ్చుకుని వాళ్లిద్దరి మధ్యా కూర్చున్నాను. డైరెక్టరు, సూక్ష్మజీవుల విభాగాధిపతి, నిబంధనల అధికారి. సంస్థ తోడును ముట్టుకునేటప్పుడు ముగ్గురం ఒకేసారి హాజరుండాలన్న నా నిబంధన, రాసిన తరవాత మొట్టమొదటిసారి, తు.చ. తప్పకుండా అమలైంది.